కౌంటర్ దగ్గర తేలే వయసు

అమెరికాలో 21 ఏళ్లు నిండనివాళ్లు మద్యం తాగకూడదని ఫెడరల్ చట్టం ఎక్కడా అనలేదు. 1984 జులైలో రీగన్ సంతకం చేసిన కనీస మద్యపాన వయసు చట్టం పట్టించుకున్నవి రెండే: కొనడం, నలుగురిలో సీసా చేత్తో పట్టుకుని ఉండటం. వాటినైనా అది నేరుగా నిషేధించలేదు. 21 లోపు వారికి ఈ రెండూ కుదరవని చట్టం చేయని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత పెడతామంది, అంతే. ఇంట్లో తల్లిదండ్రుల ఎదుట ఒక గ్లాసు వైన్, చర్చిలో ప్రార్థన వేళ ఒక గుక్క చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ తప్పు కాదు.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మద్యం వయసు తగ్గించాలా వద్దా అన్న చర్చ నిజానికి దీని చుట్టూనే తిరగాలి. ఎవరి గొంతులోకి ఏం దిగుతోందో చట్టం చూడలేదు. అది ఆపగలిగేది రెండు చోట్లే: అమ్మే కౌంటర్ దగ్గర, తాగి బండెక్కిన తర్వాత రోడ్డు మీద. ఆ రెండు చోట్లా గట్టి తనిఖీ ఉన్న దేశంలో 18కీ 21కీ తేడా శవాల లెక్కలో తేలింది. తనిఖీ లేని చోట 18 అని రాసినా 25 అని రాసినా అది కాగితానికే పరిమితం. మన దగ్గర జరిగే వాదన తనిఖీ లేని చోట నిలబడి, తనిఖీ ఉన్న దేశాల లెక్కలు వల్లిస్తుంటుంది.

అమెరికా ఒకసారి తగ్గించి చూసింది

1933లో మద్యనిషేధాన్ని ఎత్తేసిన 21వ రాజ్యాంగ సవరణ, మద్యం మీద పెత్తనాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. అప్పట్లో ఓటు వయసు 21 కాబట్టి ఎక్కువ రాష్ట్రాలు మద్యానికీ అదే పెట్టుకున్నాయి. వియత్నాం యుద్ధం రోజుల్లో ‘తుపాకీ ఇచ్చి పంపడానికి పనికొచ్చిన వయసు ఓటుకి పనికిరాదా’ అన్న వాదన బలపడి, 1971లో 26వ సవరణతో ఓటు వయసు 18కి దిగింది. దాని వెంటే మద్యం వయసూ దిగింది. 1970 నుంచి 1975 లోపు 29 రాష్ట్రాలు దాన్ని 18కో, 19కో, 20కో తగ్గించాయి.

ఈ చర్చకి అసలు ముడిసరుకు ఆ తర్వాతి పదేళ్లలోనే దొరికింది. ఒక రాష్ట్రం తగ్గించింది, పక్క రాష్ట్రం తగ్గించలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. తగ్గించిన చోట 18–20 ఏళ్లవాళ్ల రోడ్డు ప్రమాదాలు పెరిగాయి. వయసు ఎక్కువగా ఉన్న రాష్ట్రపు కుర్రాళ్లు కారేసుకుని సరిహద్దు దాటి, తాగి, అర్ధరాత్రి తిరుగు ప్రయాణంలో గుద్దుకునేవారు. ఆ రోడ్లకి ‘నెత్తుటి సరిహద్దులు’ అన్న పేరే పడింది. ముందుగా మేలుకున్నవి కొన్ని రాష్ట్రాలే. 1977లో మెయిన్ వయసును మళ్లీ పైకి జరిపింది, 1978లో మిషిగన్ ఓటర్లు 21కి ఓటేశారు. 1980లో 13 ఏళ్ల కూతుర్ని తాగిన డ్రైవరు చేతిలో పోగొట్టుకున్న కాలిఫోర్నియా తల్లి క్యాండీ లైట్నర్ ‘మదర్స్ అగైనెస్ట్ డ్రంక్ డ్రైవింగ్’ సంస్థ పెట్టారు. నాలుగేళ్లు తిరిగేసరికి న్యూజెర్సీ సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ లాంటివాళ్ల పట్టుదలతో చట్టం వచ్చింది.

మాట వినని రాష్ట్రానికి హైవే నిధుల్లో మొదటి ఏడాది 5 శాతం, తర్వాత ఏటా 10 శాతం కోత. 3.2 శాతం బీరును 19 ఏళ్లవాళ్లకి అమ్మనిచ్చే సౌత్ డకోటా కోర్టుకెక్కింది. 1987లో సుప్రీంకోర్టు 7–2తో ఫెడరల్ ప్రభుత్వం పక్షాన తీర్పిచ్చింది. డబ్బు వద్దనుకునే స్వేచ్ఛ రాష్ట్రానికి ఉంది కాబట్టి ఇది బలవంతం కాదని ఆ తీర్పు సారాంశం. ‘నిధులు కావాలంటే మా షరతు ఒప్పుకోండి’ అన్న మాట ఢిల్లీ నుంచి వినీ వినీ అలవాటైన మన రాష్ట్రాలకి ఇందులో కొత్తేమీ కనిపించదు. 1988లో వ్యోమింగ్ కూడా దారికి రావడంతో దేశమంతా 21 అయింది.

లెక్కలు ఎంతవరకు నమ్మాలి

వయసు తగ్గింపును వ్యతిరేకించేవాళ్లు అందరికంటే ముందు చూపించేది అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనాలు. ఈ చట్టాల వల్ల 2017 ఒక్క ఏడాదిలోనే 538 ప్రాణాలు దక్కాయని అది లెక్కగట్టింది. ఇలాంటి అంచనాలకి ఒక బలహీనత ఉంది. 1980ల తర్వాత సీటు బెల్టులు వచ్చాయి, ఎయిర్ బ్యాగులు వచ్చాయి, రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.10 నుంచి 0.08 శాతానికి దిగింది. 1995 చట్టం ఫలితంగా 21 లోపు డ్రైవర్లకి పరిమితి 0.02 లోపుకి వచ్చింది. వీటిలో దేని వల్ల ఎంత దక్కిందో విడదీయడం తేలిక కాదు.

ఆ చిక్కును దాటిన పద్ధతి ఒకటుంది. ఆర్థికవేత్తలు కార్పెంటర్, డాబ్‌కిన్ 2009లో 21వ పుట్టినరోజుకి అటూ ఇటూ ఉన్న మరణాలను పోల్చారు. 20 ఏళ్ల 11 నెలలవాడికీ 21 ఏళ్ల ఒక నెలవాడికీ పెంపకంలో, చదువులో, కారులో, సీటు బెల్టులో తేడా ఉండదు. మారేది ఒక్కటే, కౌంటర్ దగ్గర చూపించే కార్డు మీది తేదీ. ఆ గీత దాటగానే మరణాలు దాదాపు 9 శాతం ఎగిశాయి. అందులో పెద్ద వాటా రోడ్డు ప్రమాదాలది, తర్వాత ఆత్మహత్యలు, నేరుగా మద్యం వల్ల వచ్చే చావులు. ఈ చర్చలో ఇంత శుభ్రమైన ఆధారం ఇంకొకటి లేదనే చెప్పాలి. అయితే దీనిలోంచి రెండు అర్థాలూ తీయొచ్చు. గీతను 18కి జరిపితే ఆ ఎగుడు 18 దగ్గరికి వస్తుందని ఒకరంటారు. 21 దాకా కట్టేసి ఒక్కసారి వదలడం వల్లే అది ఎగిసిందని ఇంకొకరంటారు. రెండో వాదన నిలవాలంటే వయసు తక్కువగా ఉన్న చోట ఎగుడు కనిపించకూడదు. కెనడాలో మద్యం వయసు 18 లేదా 19. అక్కడి కుర్రాళ్లలో కూడా సరిగ్గా ఆ గీత దగ్గరే ఆసుపత్రి చేరికలు, మరణాలు పెరిగినట్టు పరిశోధకులు చూపించారు.

తగ్గింపు పక్షాన ఉన్న గట్టి పరిశోధన మైరన్, టెటెల్‌బామ్‌లది. అది కూడా 2009లోనే వచ్చింది. ఫెడరల్ ఒత్తిడికి ముందే తమంతట తాము వయసు పెంచుకున్న రాష్ట్రాల్లో మరణాలు తగ్గాయి, నిధుల భయంతో పెంచిన రాష్ట్రాల్లో ఆ ఫలితం దాదాపు కనిపించలేదు అని వాళ్లు తేల్చారు. దీన్ని ‘21 పనిచేయదు’ అనడానికి వాడతారు. అంతకంటే పనికొచ్చే అర్థం వేరే ఉంది: అమలు చేయాలన్న మనసు లేని ప్రభుత్వం చేతిలో ఏ అంకె పెట్టినా అది పనిచేయదు. మనకి వర్తించే పాఠం ఇదే.

బీరు సీసాలో ఎంత ఉంది

ఇంతకీ 18–20 ఏళ్లవాళ్లనే ఎందుకు వేరుగా చూడాలి? వాళ్ల ఒంట్లో ఆల్కహాల్ వేరుగా కరగదు. కానీ బండి నడపడం కొత్త, తాగడం కొత్త, రెండు కొత్తలూ ఒకే మనిషిలో ఒకే రాత్రి కలుస్తాయి. రక్తంలో ఒకే మోతాదు ఆల్కహాల్ ఉన్నప్పుడు, ముప్పై అయిదేళ్లవాడి కంటే 20 లోపు కుర్రాడు ప్రాణాంతక ప్రమాదం చేసే అవకాశం చాలా ఎక్కువ.

మన పరిమితితో లెక్క వేస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 32.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది, బరువులో సుమారు 25.6 గ్రాములు. 60 కిలోల కుర్రాడి ఒంట్లో అది పరుచుకునేది బరువులో 68 శాతం మేర, అంటే 41 కిలోల్లో. గబగబా తాగేస్తే రక్తంలో మోతాదు 60 మిల్లీగ్రాముల పైకి వెళ్తుంది. కాలేయం గంటకి సుమారు 15 చొప్పున కరిగిస్తుంది కాబట్టి 30కి దిగడానికే రెండు గంటలు కావాలి. కడుపు నిండా తిని తాగితే కాస్త తగ్గుతుంది, అంతేగానీ ‘ఒక్క బీరుకి ఏమీ కాదు’ అన్న మాటకి లెక్కలో చోటు లేదు. స్ట్రాంగ్ బీరైతే చెప్పనే అక్కర్లేదు.

ఇక క్వార్టర్. 42.8 శాతం ఉండే 180 మిల్లీలీటర్లలో 61 గ్రాములు. అదే కుర్రాడు రాత్రి పన్నెండుకి అది ముగిస్తే 150 దాకా చేరతాడు, పరిమితికి అయిదు రెట్లు. పొద్దున ఏడింటికి స్నానం చేసి, టిఫిన్ తిని, బైకెక్కి కాలేజీకి బయల్దేరినప్పుడు కూడా 45 దగ్గర ఉంటాడు. తలనొప్పి తగ్గింది కాబట్టి మత్తు దిగిందనుకుంటాడు. అమెరికాలో ఒక ‘డ్రింక్’ అంటే 14 గ్రాములు. రెండు గంటల్లో మగవాళ్లు 5, ఆడవాళ్లు 4 తాగితే దాన్ని అతిగా తాగడం అంటారు. ఆ లెక్కన ఒక సిట్టింగ్‌లో ముగించే క్వార్టర్ ఆడవాళ్లకి ఆ గీత దాటేస్తుంది, మగవాళ్లని దాని అంచుకి చేరుస్తుంది.

జర్మనీ ఈ రెండు కొత్తలనీ విడగొట్టింది. అక్కడ 16కే బీరు, వైన్ కొనుక్కోవచ్చు, ఘాటు మద్యానికి 18 నిండాలి. కానీ 2007 నుంచి 21 నిండని డ్రైవరుకీ, లైసెన్సు వచ్చి రెండేళ్లు కానివాడికీ రక్తంలో ఆల్కహాల్ పరిమితి సున్నా. ‘యూరప్‌లో పదహారుకే తాగుతారు, వాళ్లేం చెడిపోయారు’ అనేవాళ్లు ఈ సున్నాను ఎప్పుడూ ప్రస్తావించరు.

హాస్టల్ గదుల వాదన

2008లో మిడిల్‌బరీ కాలేజీ మాజీ అధ్యక్షుడు జాన్ మెకార్డెల్ చొరవతో ‘అమెథిస్ట్’ పేరిట ఒక ప్రకటన వచ్చింది. డ్యూక్, డార్ట్‌మౌత్ సహా 130కి పైగా కాలేజీల అధ్యక్షులు దాని మీద సంతకం చేశారు. 21 పనిచేయడం లేదు, బహిరంగంగా చర్చించండి అన్నది వాళ్ల కోరిక. ఆ వాదనలో సత్తా ఉంది. బార్‌లోకి రానివ్వకపోతే విద్యార్థులు హాస్టల్ గదిలో తలుపేసుకుని, పార్టీకి వెళ్లేముందే వోడ్కా వేగంగా దిగమింగుతారు. నకిలీ గుర్తింపు కార్డు అలవాటై చట్టమంటే లెక్కలేనితనం పెరుగుతుంది. అన్నిటికంటే బరువైన మాట ఇది: స్నేహితుడు స్పృహ తప్పినా, పోలీసులొస్తారన్న భయంతో అంబులెన్సుకి ఫోన్ చేయరు.

ఆ చివరి ముక్కకి వయసు తగ్గించకుండానే మందు దొరికింది. ప్రాణాపాయంలో సహాయం కోసం ఫోన్ చేసినవాళ్ల మీద, ఆ రోగి మీద వయసు కేసు పెట్టకూడదని చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. ఆ వెసులుబాటు ఉందన్న సంగతి కూడా చాలామంది విద్యార్థులకి తెలియదు, మనవాళ్లకి మరీనూ. ఏ దేశంలోనైనా గుర్తుపెట్టుకోవాల్సిన లక్షణాలు ఒకటే. లేపితే లేవకపోవడం, నిమిషానికి 8 కంటే తక్కువసార్లు ఊపిరి తీయడం, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటడం, ఒళ్లు చల్లబడి పెదాలు నీలంగా మారడం. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ‘పడుకోనివ్వు, పొద్దుటికి దిగుతుంది’ అనడం. చివరి గుటక తర్వాత కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడు వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, అక్కడైతే 911కి, ఇక్కడైతే 108కి చేయాలి. చన్నీళ్ల స్నానం, కాఫీ, మజ్జిగ ఇవేవీ ఆల్కహాల్‌ని త్వరగా కరిగించవు.

అమెరికాలో బీటెక్ స్థాయి చదువులకి 18కే వెళ్లే తెలుగు పిల్లలకి ఇంకో చిక్కుంది. తాగి నడుపుతూ అరెస్టయితే, కోర్టులో నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే అధికారం అక్కడి విదేశాంగ శాఖకి ఉంది, వాడుతుంది కూడా. అమెరికాలో ఉన్నంతకాలం చదువు ఆగకపోవచ్చు గానీ, సంక్రాంతికి ఇంటికొచ్చినవాడు తిరిగి వెళ్లాలంటే కాన్సులేట్‌లో మళ్లీ మొదటి నుంచి వైద్య పరీక్షలతో సహా ఎదుర్కోవాల్సి వస్తుంది.

వయసును నిజంగా తగ్గించిన దేశాల్లో న్యూజిలాండ్ అనుభవం దగ్గరగా చూడదగ్గది. 1999 డిసెంబర్ 1న అక్కడ 20 నుంచి 18కి దిగింది. 18–19 ఏళ్లవాళ్లవే కాక, చట్టంతో సంబంధం లేని 15–17 ఏళ్ల పిల్లల ప్రమాదాలూ పెరిగాయని మొదటి పరిశోధనలు చెప్పాయి. తర్వాత వేరే పద్ధతిలో చూసినవాళ్లు రోడ్డు ప్రమాదాల్లో మార్పు కనిపించలేదు గానీ మద్యంతో ఆసుపత్రి పాలైనవాళ్లు పెరిగారన్నారు. 2006లో, 2012లో పార్లమెంటు ముందు మళ్లీ పెంచే ప్రతిపాదన వచ్చి వీగిపోయింది. ఒకసారి ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం రాజకీయంగా ఎంత కష్టమో అది చెబుతుంది. తీసుకున్న దేశమూ లేకపోలేదు: లిథువేనియా 2018లో 18 నుంచి 20కి పెంచింది. జపాన్ 2022 ఏప్రిల్‌లో మేజర్ వయసును 20 నుంచి 18కి దించుతూ, మద్యానికి మాత్రం 20నే ఉంచుకుంది.

‘ఓటుకి 18 అయితే మందుకి ఎందుకు కాదు’ అన్న వాదనకి జపాన్ ఇచ్చిన జవాబు మన చట్టాల్లోనూ ఉంది. 61వ రాజ్యాంగ సవరణతో ఓటు 18కి వచ్చింది. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21. శాసనసభకి పోటీ చేయాలంటే 25, రాజ్యసభకి 30. ఏ పనిలో ఏ నష్టం ఉందో చూసి ఆ పనికి ఆ వయసు పెట్టుకున్నాం. కాబట్టి ఓటు పోలిక సభల్లో చప్పట్లకి పనికొస్తుంది తప్ప తీర్పుకి పనికిరాదు.

ఒక్కో రాష్ట్రానికి ఒక్కో అంకె

మద్యం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం. అందుకే గోవా, పుదుచ్చేరిలో 18, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడులో 21. 2017లో కేరళ 21 నుంచి 23కి పెంచింది. పంజాబ్‌లో 25. హర్యానా 2021 చివర్లో చట్టాన్ని సవరించి 25ను 21 చేసింది. అదే ఏడాది ఢిల్లీ ప్రభుత్వం కూడా 21 అని ప్రకటించింది గానీ, అక్కడి 2009 ఎక్సైజ్ చట్టం 23వ సెక్షన్‌లో 25 అని రాసి ఉంది. చట్టసభలో సెక్షన్ మార్చకుండా విధాన ప్రకటనతో వయసు మారదు. కర్ణాటకలో చిక్కు ఇంకో రకం. 1965 చట్టంలో 18 అని, 1967 లైసెన్సు నిబంధనల్లో 21 అని ఉంది. 2023 మొదట్లో నిబంధనను కూడా 18కి దించే ముసాయిదా తెచ్చి, గోల రేగడంతో పక్కన పెట్టారు.

ఈ తగ్గింపుల వెనక యువత హక్కుల మీద బెంగ ఉందనుకోవడం అమాయకత్వం. పక్క రాష్ట్రానికి పోతున్న అమ్మకాలు తమ ఖజానాకి రావాలన్నదే అసలు లెక్క. ఢిల్లీ–హర్యానా సరిహద్దు గురించి జరిగిన చర్చంతా ఇదే. పోతే, వయసు ఎంతైనా ఒక గీత దేశమంతటా ఒకటే ఉంది. 2015 బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం 18 నిండని పిల్లలకి వైద్యుడి సలహా లేకుండా మద్యం ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పదహారేళ్లవాడికి సీసా అందించిన షాపువాడి మీద చిన్న ఎక్సైజ్ కేసుతో సరిపెట్టడం ఈ సెక్షన్ ఉనికిని మర్చిపోవడమే.

నెత్తుటి సరిహద్దులకి మన దగ్గర సరిపోయే చోటు యానాం. చుట్టూ 21 ఉన్న ఆంధ్రప్రదేశ్, మధ్యలో 18 ఉన్న పుదుచ్చేరి ముక్క, పైగా పన్నులు వేరు. కాకినాడ నుంచి బైకు మీద గంటలోపు ప్రయాణం. 19 ఏళ్లవాడు అక్కడ చట్టబద్ధంగా తాగి, గోదావరి పక్కన చీకటి రోడ్డు మీద తిరిగొస్తాడు. సరిహద్దు దగ్గర సోదాలు సాధారణంగా సీసాల కోసం జరుగుతాయి, ఎందుకంటే సీసా దాటితే పన్ను పోతుంది. కడుపులో దాటినదానికి పన్ను నష్టం ఉండదు, ప్రమాదం మాత్రం దానిదే. బ్రీత్ అనలైజర్ పెట్టాల్సింది ఆ వైపు నుంచి వచ్చే రోడ్ల మీద, రాత్రి తొమ్మిది తర్వాత.

అంకె ఎక్కడ పెడితే గీత ఏ గుంపు మధ్య నుంచి వెళ్తుందన్నదీ చూడాలి. అమెరికాలో 18 అంటే హైస్కూల్ చివరి ఏడాదిలో చట్టబద్ధంగా కొనగలిగేవాడు ఉంటాడు, వాడి వెనక 15 ఏళ్లవాళ్లు ఉంటారు. మన దగ్గర 18 అంటే ఇంజనీరింగ్ హాస్టల్ మొదటి ఏడాది నుంచే దాదాపు అందరూ కొనుగోలుదార్లే. ఇంటర్ రెండో ఏడాదిలో కూడా ఒకరిద్దరు తేలతారు. 21 అంటే ఫైనలియర్ వాళ్లు మాత్రమే, ఫ్రెషర్స్ పార్టీకి తెచ్చిపెట్టేది వాళ్లే. 25 అంటే క్యాంపస్ మొత్తంలో చట్టబద్ధుడు ఎవడూ లేడు, కాబట్టి ఎవడూ పట్టించుకోడు. ఉద్యోగం చేసి ఇంటి అద్దె కడుతున్న 24 ఏళ్ల మనిషిని వయసు సరిపోలేదని పంపేయమంటే ఏ షాపువాడూ పంపడు. అమలు కాని 25 కంటే అమలయ్యే 21 మేలన్నది ఒప్పుకోదగిన మాట. 21 నుంచి 18కి దిగాలన్న మాటకి మాత్రం ఆధారాలు ఎదురు నిలుస్తాయి.

గ్రిల్ లోంచి చాచిన చెయ్యి

వైన్ షాపు దగ్గర సాయంత్రం ఏడు గంటలకి జరిగేది చూడండి. ఇనుప గ్రిల్, దానికో చిన్న కంత. బయట పది చేతులు, ఒక్కో చేతిలో మడిచిన నోటో, స్కాన్ చేయడానికి ఫోనో. లోపలివాడికి కనిపించేది చెయ్యే, ముఖం కాదు. బ్రాండ్ పేరు, సైజు వినబడితే చాలు, సీసా బయటికొస్తుంది. వయసు అడగడానికి ముందు అసలు ముఖం కనిపించే ఏర్పాటు ఉండాలి. ఊళ్లలోని బెల్టు షాపులకి ఆ గ్రిల్ కూడా ఉండదు. నాన్న పంపించాడని పదేళ్ల పిల్లాడు వచ్చినా ఇచ్చేస్తారు.

వ్యాపారం వైపు నుంచి చూస్తే ఇది అర్థమయ్యే సంగతే. తెలంగాణలో 2,620 వైన్ షాపుల కోసం 2025లో జరిగిన లాటరీకి దరఖాస్తు రుసుమే 3 లక్షలు, షాపు రాకపోయినా తిరిగి రావు. వచ్చినవాడు ఆపైన లైసెన్సు ఫీజు కడతాడు, రెండేళ్లలో తిరిగి రాబట్టుకోవాలి. అలాంటివాడు కౌంటర్ ముందున్న 19 ఏళ్లవాడిని వెనక్కి పంపాలంటే, పంపకపోతే పోయేది అమ్మకం లాభం కంటే చాలా పెద్దదై ఉండాలి. 2016 జులైలో హైదరాబాద్‌లో బార్‌లో తాగిన ఇంజనీరింగ్ విద్యార్థుల కారు పంజాగుట్టలో ఒక కుటుంబం ప్రాణాల మీదికి వచ్చింది. 21 నిండనివాళ్లకి మద్యం ఎలా పోశారని అప్పుడు అందరూ అడిగారు. కొంతకాలం పబ్బుల గుమ్మాల దగ్గర ఆధార్ కార్డులు చూశారు. వైన్ షాపు కంత దగ్గర మాత్రం అప్పుడూ చూడలేదు.

అమెరికాలో కౌంటర్‌ను దారిలో పెట్టిన ఉపాయం చాలా మామూలుది. 18–20 ఏళ్ల మనిషిని, సొంత అసలు కార్డుతో, షాపులోకి పంపుతారు. అధికారి బయటో, కాస్త దూరంలోనో ఉంటాడు. లోపలికెళ్లినవాడు ఒక బీరు అడుగుతాడు. వయసు అడిగితే అబద్ధం చెప్పడు, కార్డు అడిగితే చూపిస్తాడు. అమ్మితే ఆ సీసాకే సీలు వేసి సాక్ష్యంగా పెడతారు. అమ్మిన గుమాస్తాకి జరిమానా, మళ్లీ మళ్లీ దొరికితే షాపుకి లైసెన్సు సస్పెన్షన్. ఎక్కువ రాష్ట్రాల్లో 21 లోపు వారి డ్రైవింగ్ లైసెన్సు నిలువుగా ముద్రిస్తారు, పెద్దవాళ్లది అడ్డంగా ఉంటుంది. క్యూలో ఎంత రద్దీ ఉన్నా ఒక్క చూపులో తెలుస్తుంది. ఇంత చేసినా కారుతుంది. కార్డు చూసి కూడా పుట్టిన ఏడాదిని తప్పుగా లెక్కగట్టే గుమాస్తాలుంటారు, పార్కింగ్‌లో అపరిచితుణ్ణి పట్టుకుని కొనిపించుకునేవాళ్లుంటారు, అన్నలు, రూమ్మేట్లు ఉంటారు. అయినా హైస్కూల్ చివరి ఏడాది విద్యార్థుల్లో గత నెలలో తాగామన్నవాళ్లు 1980 ప్రాంతంలో 72 శాతం ఉంటే, ఇటీవలి సర్వేల్లో పావువంతు కిందికి వచ్చారు. ఆ తగ్గుదల అంతా చట్టానిదే అనడం అతిశయోక్తి, ఫోన్లు వచ్చాక పిల్లలు కలిసి తిరగడమే తగ్గింది. కానీ కౌంటర్ బిగిస్తే ఏమీ మారదు అన్నవాళ్ల మాట మాత్రం నిలవదు.

ఇక్కడ ఇలాంటి తనిఖీకి కొత్త చట్టం కూడా పెద్దగా అక్కర్లేదు. 19, 20 ఏళ్లవాళ్లు మేజర్లే కాబట్టి తల్లిదండ్రుల అనుమతి గొడవ ఉండదు. ఒక్కో జిల్లాలో నెలకి ఇరవై షాపులు చీటీ తీసి ఎంచుకోవాలి, ఏ షాపన్నది ఆ రోజు పొద్దున దాకా స్థానిక స్టేషన్‌కి తెలియకూడదు. ఏ షాపు అమ్మింది, ఏది కార్డు అడిగింది అన్నది పేరుతో సహా నోటీసు బోర్డులో పెట్టాలి. మొదటిసారి దొరికితే మూడు రోజులు షట్టర్ దించాలి, అందులో ఒక శనివారం తప్పనిసరిగా ఉండాలి. జరిమానా డబ్బు కంటే ఆ శనివారం అమ్మకమే షాపువాడికి నొప్పి. గ్రిల్ కంతను ముఖం కనిపించే ఎత్తుకి పెంచమని లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం చేర్చాలి.

ఈ పని ఎక్సైజ్ శాఖ చేతిలోనే పెడితే ఆగిపోయే ప్రమాదం ఉంది. నెలవారీ అమ్మకాల లక్ష్యాన్ని చూసుకునేదీ, ఆ అమ్మకాన్ని ఆపాల్సిందీ ఒకే శాఖ అయితే ఏది నెగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. ట్రాఫిక్ పోలీసులకో, జిల్లా రహదారి భద్రతా కమిటీకో అప్పగిస్తే వాళ్లకి అమ్మకాలతో పని లేదు, ప్రమాదాల లెక్కతోనే పని. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికిన 21 లోపు ప్రతి ఒక్కరినీ ‘ఎక్కడ కొన్నావు’ అని అడిగి, ఆ షాపు పేరు కేసు కాగితంలో రాస్తే చాలు, నాలుగు నెలల్లో ఏ కౌంటర్లు పిల్లలకి అమ్ముతున్నాయో పట్టిక తయారవుతుంది. ఆ పట్టికలోని షాపులకే ముందుగా మనిషిని పంపొచ్చు.